పిస్తోలుకు ఏ పూత నిలుచును?

ఉక్కు ఎంత గట్టిదైనను చెమ్మకు లోకువయే. ఈ సంగతి మన ప్రాంతపు వారికి కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారని, 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ పనిని చూచిన హెన్రీ వాయిసీ వ్రాసియున్నాడు. అంతటి ఉక్కుతో చేసిన కత్తినైనను నూనె రాయక ఒక వానకాలము విడిచిపెట్టిన తుప్పు పట్టక మానదు. నేటి పిస్తోలుకును అదే ధర్మము. దాని పై పూత అరిగిపోయినప్పుడు మరల ఏ పూత వేయించవలెనన్నదే ఈనాటి మా ప్రసంగ విషయము.

హైదరాబాదు పడమటి దిక్కున ఈ ప్రశ్న కొందరికి నిజముగనే ఎదురగుచున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు రాళ్ల నేల హైటెక్ సిటీగా మారినది. 2002 నాటి జాతీయ క్రీడలతో పొరుగుననున్న గచ్చిబౌలి క్రీడారంగమున పేరొందినది. అచ్చట షూటింగ్ రేంజి కలదు. హైదరాబాదుకు చెందిన ఇషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల పిస్తోలు పోటీలలో జట్టు స్వర్ణమును, వ్యక్తిగత రజతములను గెలుచుకొన్న పిమ్మట ఈ క్రీడపై యువతకు ఆసక్తి హెచ్చినది. లైసెన్సు పొంది పిస్తోలు ఉంచుకొన్న క్రీడాకారులును, ఆయుధము ధరించు కాపలాదారులును ఈ ప్రాంతమున కలరు.

ఇచ్చటి ఆయుధమునకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. దానిని యంత్రముతో చల్లబరచిన గదిలో గంటల తరబడి ఉంచి, వానకాలపు గాలిలోనికి ఒక్కసారిగా తెచ్చెదరు. ఫ్రిజ్ నుండి తీసిన నీళ్ల సీసా వెలుపల ఎట్లు చెమర్చునో, చల్లని ఉక్కు మీద నీరు అట్లే చెమర్చును. దానికి చేతి చెమటలోని ఉప్పు తోడైనచో తుప్పు పుట్టుటకు ఒక రాత్రి చాలును. తోలు ఒరలోనే ఉంచి పెట్టెలో దాచినచో మరింత కీడు. తోలు చెమ్మను పట్టి ఉంచును.

ఇక పూతల సంగతి. అన్నిటికంటె పాతది నీలి పట్టించుట. ఇది పైనుండి పూసిన రంగు కాదు. ఉక్కు ఉపరితలమే మారి ఏర్పడిన పొర. కాస్టిక్ సోడాను, నైట్రేటు లవణమును కలిపిన నీటిని సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, అందులో ఉక్కును ముంచెదరు. ఎర్రతుప్పు రేకులుగా రాలును. ఈ నల్లని ఆక్సైడు ఉక్కును అంటిపెట్టుకొని ఉండును. బిదరీ పాత్రల నలుపును చూచినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును. బీదరు కోట మట్టిని నవాసారముతో కలిపి రుద్దినప్పుడు జింకు మిశ్రలోహము నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే ఉండును. ఆ నలుపు కూడ పూసినది కాదు, లోహము నుండి పుట్టినదే.

నీలి పొర మందము మిల్లీమీటరులో దాదాపు వెయ్యవ వంతు మాత్రమే. కనుక భాగముల అమరిక చెడదు. చూపునకును సొంపుగా ఉండును. కాని రక్షణ స్వల్పము. నూనె తోడు లేనిదే అది నిలువదు. అదిగాక, ఆ కాస్టిక్ తొట్టి అల్యూమినియమును తినివేయును. మెత్తని టంకముతో అతికిన జంట గొట్టముల తుపాకులను పాడుచేయును. కావున పిస్తోలులో ఏ భాగము ఏ లోహమో ముందు తెలిసికొనవలెను.

రెండవది ఫాస్ఫేటు పూత. మాంగనీసు లేక జింకు ఫాస్ఫేటు ద్రావణమున సుమారు 90 డిగ్రీల వేడిలో ఉక్కును ఉంచిన, బూడిద వన్నె గల గరుకు పొర ఏర్పడును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యపు తుపాకులకు దీనినే వాడిరి. మెరుపు లేదు, అందము లేదు. కాని దాని సన్నని రంధ్రములు నూనెను పీల్చి చిరకాలము పట్టి ఉంచును. చాకిరీ చేయు ఆయుధమునకు ఇది తగినది.

మూడవది నికెల్ లేక గట్టి క్రోమియము పూత. రాపిడికి ఇవి మిక్కిలి ఓర్చును. అయితే నికెల్ పూతకు ఒక లోపము కలదు. జింకు పూసిన బకెట్టుపై గీత పడినను జింకు తాను క్షయించి ఇనుమును కాపాడును. నికెల్ విషయమున ఇది తలక్రిందులు: గీత పడిన చోట ఇనుమే ముందుగా క్షయించును, తుప్పు పూత క్రిందుగా ప్రాకును. కనుక ఎక్కడను రంధ్రము లేని మంచి పనితనము కావలెను. మరియు ఆమ్లమున కడిగి విద్యుత్తుతో పూత పూయునప్పుడు హైడ్రోజను గట్టి ఉక్కులో చొరబడి దానిని పెళుసుగా చేయును. స్ప్రింగులను పూతకు ఈయకుండుట క్షేమము. మిగిలిన గట్టి భాగములను పూత పిమ్మట సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచవలెను.

నాలుగవది పింగాణి రేణువులు కలిపిన పాలిమరు పూత. దీనిని పిచికారి చేసి, పొయ్యిలో కాల్చి గట్టిపరచెదరు. చెమటను, ఉప్పును అడ్డుకొనుటలో ఇది నీలి పొరను చాల మించినది, అల్యూమినియముపైనను నిలుచును. దాని మందము సుమారు మిల్లీమీటరులో 40వ వంతు. కావున ఒకదానిపై ఒకటి జారు భాగములలో బిగువు ఏర్పడవచ్చును. ఒరకు రాచుకొను అంచులలో ముందుగా అరుగును.

వీటిలో ఏది శ్రేష్ఠమని అడుగుటకంటె, మన ఆయుధమునకు శత్రువు ఏదని అడుగుట మేలు. చెమటయు వానయు శత్రువులైనచో పింగాణి పూత. ఎడతెగని రాపిడి అయినచో క్రోమియము. మోటు వాడుకయు నూనె రాయు అలవాటును ఉన్నచో ఫాస్ఫేటు. పెద్దల నాటి ఆయుధమై అందము ప్రధానమైనచో నీలి పొర. ఏ పూతయైనను క్రింది లోహము శుభ్రము కానిదే నిలువదు. తుప్పుపై వేసిన పూత తుప్పును దాచునే గాని ఆపదు.

ఇచ్చటనే మిక్కిలి జాగ్రత్త వలయును. పాత తుప్పును తీయుటకై అతిగా సానపట్టినచో ఉక్కుపై ముద్రించిన సంఖ్య అరిగిపోవచ్చును. 1959 నాటి ఆయుధముల చట్టము ఆ సంఖ్యను, పేరును చెరపుటను గాని మార్చుటను గాని నిషేధించినది. తుపాకుల మరమ్మతు వృత్తికిని లైసెన్సు కావలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున లైసెన్సు గల పనివానికే అప్పగించి, సంఖ్యను పదిలపరుపుమని ముందుగా చెప్పవలెను. మరుగు కాస్టిక్ తొట్టి ఇంటిలో పెట్టుకొనదగినది కాదు. ఒక్క చుక్క చిందిన కన్ను పోవును.

పూత వేయించిన తరువాత పని ముగిసినదని తలపరాదు. చల్లని గది నుండి తెచ్చిన ఆయుధమును గాలి వేడికి రానిచ్చి, అందు గుండు లేదని రెండుసార్లు చూచి, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయవలెను. ఒరలో కాక పొడిచోట, పిల్లలకు అందకుండ తాళము వేసి భద్రపరుపవలెను. మంచి పూత తుప్పు రాకను ఆలస్యము చేయును. రాకుండ చేయునది ఆ నూనెగుడ్డ పట్టిన చేయియే.