వార్ధక్యంలో గండంగా మారుతున్న స్నానాలగది

న్యూఢిల్లీ: ముప్పయి నలభై ఏళ్ల క్రితం అప్పుచేసి సొంత ఇల్లు సమకూర్చుకున్న తరం నేడు వృద్ధాప్యంలో అడుగుపెట్టింది. ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ఆ ఇంట్లోనే ఒక గది ఇప్పుడు వారిని భయపెడుతున్నది. అది స్నానాలగది. నున్నటి టైల్స్, తడిసిన గచ్చు, అడుగు తట్టుకొనే గట్టు, మోకాళ్లు సహకరించని నేల మరుగుదొడ్డి వృద్ధుల పాలిట ప్రమాద హేతువులవుతున్నాయి.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6.84 లక్షల మంది జారిపడటం, పడిపోవడం వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో 60 ఏళ్లు దాటినవారే అధికం. ప్రాణాపాయం తప్పినా, తుంటి ఎముక విరిగితే శస్త్రచికిత్స, నెలల తరబడి మంచం తప్పవు. పైకి కనబడని ముప్పు మరొకటి ఉన్నది. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందన్న భయంతో పలువురు వృద్ధులు మంచినీళ్లు తాగడమే తగ్గిస్తారు. ఇది మలబద్ధకానికి, మూత్రకోశ వ్యాధులకు దారితీస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10.38 కోట్లు. 2022లో వీరి సంఖ్య 14.9 కోట్లని, 2050 నాటికి 34.7 కోట్లకు చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ 2023లో సంయుక్తంగా వెలువరించిన నివేదిక అంచనా వేసింది. అంటే అప్పటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే.

పల్లెల సమస్య వేరు

స్వచ్ఛభారత్ పథకం కింద 2014-19 మధ్య గ్రామాల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు నిర్మించినట్లు ప్రభుత్వ గణాంకాలు చెబుతున్నాయి. అర్హులైన కుటుంబాలకు రూ.12,000 చొప్పున ప్రోత్సాహకం లభించింది. ఆరుబయటకు వెళ్లే అవస్థ తప్పినా, వీటిలో అత్యధికం గొంతుక్కూర్చొనే తరహావే. కీళ్లనొప్పులున్నవారు కూర్చున్నా తిరిగి లేవలేరు. పట్టుకొనేందుకు గోడకు ఆధారమేదీ ఉండదు. నేల పాన్‌పై అమర్చుకొనే, మధ్యలో రంధ్రమున్న కుర్చీ ఇటువంటివారికి చౌకైన ఉపాయం. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధుల కోసం 2017 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా అందజేసే ఉపకరణాల జాబితాలో కమోడ్ కుర్చీని సైతం తరువాత చేర్చారు.

ఏమి మార్చాలి?

గదినంతా పడగొట్టి కట్టనవసరం లేదు. మొదటి మార్పులకు ఖర్చు స్వల్పమే. రాత్రివేళ దారి కనబడేలా దీపం, జారని చాప, లోపల గడియ పడినా బయటి నుంచి తీయగలిగే తాళం ముందుగా అవసరం. తలుపు బయటికి తెరుచుకొనేలా మార్చడం ముఖ్యం. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోనికి నెట్టడం సాధ్యం కాదు.

తరువాతిది పట్టుకొనే కడ్డీ. తూలినప్పుడు చేతికందే తువ్వాలు కడ్డీ మనిషి బరువును మోయలేదు. కమోడ్ పక్కన, స్నానంచేసే చోట వేరుగా ఉక్కు కడ్డీలు బిగించాలి. మేకులు టైలును మాత్రమే పట్టుకుంటే చాలదు, లోపలి ఇటుకగోడలోకి దిగాలి. నాలుగున్నర అంగుళాల పలుచని గోడ అయితే ఆవలివైపు పలక వేసి బోల్టులు బిగించడం క్షేమం.

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ సౌలభ్య మార్గదర్శకాలను 2016లో జారీచేసి, 2021లో సవరించింది. చక్రాల కుర్చీ ప్రవేశించేందుకు ద్వారం 900 మి.మీ. వెడల్పు ఉండాలన్నది వీటిలో ఒకటి. కమోడ్ కూర్చొనే ఎత్తు 450-480 మి.మీ. ఉంటే లేవడం సులభం. వంగి బకెట్‌లో నీళ్లు తోడుకొనే బదులు, గట్టి పీటపై కూర్చొని చేతిషవరుతో స్నానం చేయవచ్చు.

అన్నింటికన్నా వ్యయప్రయాసలతో కూడినది గచ్చు మార్పిడి. గట్టు తొలగించి, గరుకు టైల్స్ పరచి, నీరు గదిలోనే ఒకవైపునకు పోయేలా వాటం ఇవ్వాలి. అపార్టుమెంట్లలో నీటి నిరోధక పూత చెడితే కింది వాటాలోకి నీరు కారి తగవులకు దారితీస్తుంది. అద్దె ఇళ్లవారికి యజమాని అంగీకారం తప్పనిసరి.

సొమ్ము ఎక్కడిది?

పింఛనుతో గడిపేవారికి మరమ్మతు ఖర్చు భారమే. సొంత ఇల్లు కలిగి 60 ఏళ్లు దాటినవారు ఆ ఇంటిని తనఖా పెట్టి బ్యాంకు నుంచి వాయిదాలుగా సొమ్ము పొందే రివర్స్ మార్టుగేజి పథకాన్ని 2007-08 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇంటి మరమ్మతులకూ ఈ సొమ్ము వాడుకోవచ్చు. జీవించి ఉన్నంతకాలం ఆ ఇంట్లోనే నివసిస్తే రుణం తీర్చనవసరం లేదు. అయితే ఇల్లు పిల్లలకే దక్కాలన్న తలంపు బలంగా ఉన్న సమాజంలో ఈ పథకానికి ఆదరణ అంతంతమాత్రమే.

పెద్దలు పడిపోయి, ఆసుపత్రి నుంచి ఇంటికి రాబోతుండగా మేస్త్రిని పిలిచే కుటుంబాలే అధికం. ఆ హడావుడిలో చేసిన పని నిలవదు, ఖర్చూ పెరుగుతుంది. కాళ్లు ఇంకా సత్తువగా ఉన్నప్పుడే, ఆ గదిని వాడుకోవలసిన పెద్దలను సంప్రదించి పని మొదలుపెట్టడం మేలు. ఒకరి సాయం లేకుండా తలుపు వేసుకొని స్నానం చేయగలగడం వృద్ధాప్యంలో మిగిలే స్వేచ్ఛలలో ఒకటి. అది ఒక కడ్డీ, ఒక పీట, ఒక దీపంతో నిలబడుతుందంటే పెట్టే ఖర్చు వృథా కాదు.