రక్తపు చుక్కలో క్యాన్సర్ జాడ

క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తిస్తే చికిత్సకు లొంగే అవకాశం ఎక్కువ. అయితే మన దేశంలో ఎందరో రోగులు వ్యాధి ముదిరిన తరువాతే ఆసుపత్రి గడప తొక్కుతున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 14 లక్షల మందికి పైగా ఈ వ్యాధి కొత్తగా సోకగా, 9 లక్షల మందికి పైగా మరణించారు. ఈ నేపథ్యంలో, పెద్ద ప్రయోగశాల అవసరం లేకుండానే వ్యాధి జాడను పసిగట్టే ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సర్లపై శాస్త్రవేత్తలు దృష్టి సారించారు.

గ్లూకోమీటరే మాతృక

మధుమేహ రోగులు ఇంట్లో వాడే గ్లూకోమీటరు ఈ కోవకు చెందినదే. ఎంజైమును ఎలక్ట్రోడుతో జతచేసి చక్కెరను కొలవవచ్చని 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ తన సహచరునితో కలిసి ప్రతిపాదించారు. చక్కెరతో ఎంజైము జరిపే చర్యను విద్యుత్ ప్రవాహంగా మార్చి కొలవడమే ఇందులోని కీలకం.

క్యాన్సర్ సెన్సరులో ఎంజైము స్థానంలో సాధారణంగా యాంటీబాడీలను బంగారు లేదా కార్బన్ ఎలక్ట్రోడుపై అమరుస్తారు. కణితి ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్లు, తాళంలో తాళంచెవి ఇమిడినట్లు వీటికి అతుక్కుంటాయి. దాంతో విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును బట్టి ప్రొటీను పరిమాణాన్ని లెక్కిస్తారు.

చిక్కులు ఎక్కడ?

మొదటిది, పరిమాణం. ఒక మిల్లీలీటరు రక్తంలో చక్కెర సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చాలాకాలంగా హద్దుగా భావిస్తున్న పీఎస్ఏ ప్రొటీను మోతాదు 4 నానోగ్రాములే. అంటే చక్కెరలో రెండున్నర లక్షల వంతు! ఇంత స్వల్ప సంకేతాన్ని పెంచేందుకు బంగారు నానో కణాలను, గ్రాఫీన్‌ను వాడుతున్నారు. రక్తంలోని ఇతర ప్రొటీన్లు ఎలక్ట్రోడుకు అంటుకుని సంకేతాన్ని మరుగుపరచడం మరో సమస్య.

రెండోది ఇంకా జటిలమైనది. పీఎస్ఏ ప్రొస్టేట్ గ్రంథి వాపులోనూ పెరుగుతుంది. అండాశయ క్యాన్సర్‌కు సూచికైన సీఏ-125 రుతుస్రావ సమయంలోనూ పెరగవచ్చు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఏటా సీఏ-125 పరీక్ష చేసిన బృందంలో కొన్ని క్యాన్సర్లు ముందుగా బయటపడినా, మరణాలు మాత్రం తగ్గలేదు. కాబట్టి పరికరం ఎంత సున్నితమైనదైనా, అది వెదికే సూచిక సరైనది కాకుంటే ప్రయోజనం ఉండదు. ఒకేసారి పలు సూచికలను కొలిచే సెన్సర్ల రూపకల్పనకు ఇదే కారణం.

అందాకా అప్రమత్తతే రక్ష

ఈ సెన్సర్లు చాలావరకు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. రేపు అందుబాటులోకి వచ్చినా అవి అనుమానాన్ని మాత్రమే సూచించగలవు; నిర్ధారణకు సాధారణంగా బయాప్సీ తప్పదు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నిర్వహించేందుకు ఏర్పాటు ఉంది. మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ, అసాధారణ రక్తస్రావం వంటి లక్షణాలు కనిపిస్తే కొత్త పరికరం కోసం ఎదురుచూడక వెంటనే వైద్యుని సంప్రదించడం శ్రేయస్కరం.