ఫోటో దొంగకు లేని సిగ్గు

“ఆడపిల్ల ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టకపోతే ఏ గొడవా ఉండదు కదా!” అనే మాట మన మొహల్లాల్లో తరచూ వినిపిస్తుంది. పైకి జాగ్రత్తలాగే ఉంటుంది. హయా, పర్దా విషయంలో మాకు భిన్నాభిప్రాయం లేదు. కాని ఈ మాటలో నేరం ఎవరి మీద పడుతున్నదో చూడండి.

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే పేర్లతో గిట్‌హబ్ వేదికపై రెండు యాప్‌లు వెలిశాయి. ముస్లిం స్త్రీల ఫోటోలను వారికి తెలియకుండా సేకరించి, వేలానికి పెట్టినట్టు చూపారు. అమ్మకం ఏదీ లేదు, అవమానించడమే ఉద్దేశం. రెండో జాబితాలో వందమంది దాకా ఉన్నారు. విలేఖరులు, న్యాయవాదులతో పాటు మన హైదరాబాదుకు చెందిన, అరవై దాటిన ఒక సామాజిక కార్యకర్త కూడా అందులో ఉన్నారు. 2016లో ఢిల్లీలో కనిపించకుండా పోయిన విద్యార్థి తల్లినీ వదల్లేదు. కొడుకు కోసం వీధుల్లో నిలబడిన ఆ తల్లిని ‘నీ ఫోటో బయటికెందుకు వచ్చింది?’ అని అడగగలమా?

మొదటి ఘటనపై ఫిర్యాదులు అందినా దాదాపు ఆరు నెలలు ఒక్క అరెస్టూ జరగలేదు. రెండోసారి బాధితులు బహిరంగంగా నిలదీశాక ముంబయి, ఢిల్లీ పోలీసులు కదిలారు. పట్టుబడినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న విద్యార్థులు.

మన ఇళ్లలో మాత్రం ఇలాంటిది తెలిస్తే ముందు అమ్మాయి ఫోను లాక్కుంటారు, తర్వాత కాలేజీ మాన్పిస్తారు. ఈ సంగతి ఆమెకు ముందే తెలుసు గనుక చెప్పదు. బెదిరించేవాడికి కావలసింది ఆ మౌనమే.

హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద వేసినప్పుడు సూరయె నూర్‌లో అవతరించిన ఆయతులు చదవండి. బిడారు నుంచి ఎందుకు వెనకబడ్డావని ఆమెను అడగలేదు. విన్న వెంటనే ఇది అబద్ధమని అననివారిని, నోటి నుంచి నోటికి చేరవేసినవారిని మందలించాయి. చూపులు దించుకోమనే ఆజ్ఞ కూడా అదే సూరాలో ముందు 30వ ఆయతులో పురుషులకు, తర్వాత 31లో స్త్రీలకు వచ్చింది. మన ఉపన్యాసాల్లో 31 వినిపించినంతగా 30 వినిపించదెందుకో!

కనుక బిడ్డ ఏడుస్తూ వస్తే ముందు ఆమె పక్షాన కూర్చోండి. కంగారులో ఏదీ చెరిపేయకూడదు. ఆ చిత్రాన్ని, లింకును, తేదీని, బెదిరింపు సందేశాలను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. డబ్బు అడిగితే ఇవ్వకూడదు, ఇస్తే మళ్లీ అడుగుతాడు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన కొన్ని నేరాలపై పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. స్టేషనుకు వెళ్లవలసి వస్తే తండ్రో, అన్నో వెంట వెళ్లాలి.