ఎండ్రకాయ పట్టు!

రక్తం ఎక్కిస్తేనే బతికే పిల్లలున్నారు. ఆ రక్తంతో పాటు ఒంట్లో చేరే ఇనుమే చివరికి వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఇనుమును ఒడిసిపట్టి బయటికి పంపే మందులే... చిలేటర్లు.

హసన్‌పర్తి చుట్టుపక్కల వరి పొలాల గట్లమీద తిరిగినవాళ్లకి ఎండ్రకాయ సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బొరియలో వేలు పెట్టామా... పట్టుకారులాంటి ముందుకాళ్లతో పట్టేస్తుంది. ఓ పట్టాన వదలదు. లోహాన్ని అచ్చం అలాగే పట్టుకునే అణువులు కొన్ని ఉన్నాయి. గిల్బర్ట్ మోర్గాన్, హ్యారీ డ్రూ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు 1920లో వాటికి పేరు పెట్టేటప్పుడు తలుచుకున్నది ఎండ్రకాయలాంటి జీవినే. గ్రీకు భాషలో దాని పట్టుకాలిని 'కీలే' అంటారు. అందులోంచి పుట్టిందే 'చిలేట్' అన్న మాట.

పేరు కొత్తగా ఉన్నా పని మనకు పాతదే. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, కరిగిన రాగిని అందులోని టార్టారిక్ ఆమ్లం పట్టుకుంటుంది. ఎరువుల దుకాణంలో రైతు అడిగే 'చిలేటెడ్ జింక్' కూడా ఈ కోవలోదే. మామూలు జింకు నేలలోని ఇతర పదార్థాలతో కలిసి పైరుకు అందకుండా పోతుంటుంది. ఇ.డి.టి.ఎ. అనే చిలేటర్ పట్టుకుని ఉంటే అలా కాకుండా మొక్కకు చేరుతుంది. హసన్‌పర్తి మండలంలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో నీటి కాఠిన్యం కొలిచే విద్యార్థి చేతిలో ఉండేదీ ఆ ఇ.డి.టి.ఎ.నే. నీళ్లలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ అది పూర్తిగా పట్టేసుకోగానే ఎర్రటి ద్రావణం నీలంగా మారుతుంది. రక్త పరీక్షకు వాడే ఊదారంగు మూత గొట్టంలోనూ అదే ఉంటుంది. కాల్షియం లేనిదే రక్తం గడ్డకట్టదు. ఆ కాల్షియాన్ని ఇ.డి.టి.ఎ. తన గుప్పిట్లో పెట్టుకుంటుంది!

రక్తమే బలం... రక్తమే భారం

పొలానికీ ల్యాబుకూ ఇదో సౌకర్యం. తలసీమియా ఉన్న పిల్లలకు మాత్రం చావుబతుకుల సమస్య. వాళ్ల ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒక్కో యూనిట్‌తో పాటు సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. మన శరీరం రోజుకు వదిలించుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అదనంగా వచ్చినదాన్ని బయటికి పంపే దారి దానికి లేదు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మొత్తం ఇనుమే మూడు నాలుగు గ్రాములు. అంటే ఇరవై యూనిట్లు ఎక్కేసరికి ఇంచుమించు మరో మనిషికి సరిపడా ఇనుము చేరిపోతుందన్నమాట.

అలా చేరింది కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఎదుగుదల ఆగిపోతుంది, మధుమేహం వస్తుంది. చివరికి గుండె దెబ్బతింటుంది. పిల్లాడు పాలిపోయాడని తెలిసీ తెలియక ఐరన్ టానిక్ పడితే నిప్పుకు నెయ్యి తోడైనట్టే!

సూది నుంచి మాత్రకు

ఈ ఇనుమును లాగే తొలి మందు మట్టిలోంచే దొరికింది. స్ట్రెప్టోమైసిస్ పైలోసస్ అనే సూక్ష్మజీవి ఇనుమును పోగేసుకోవడానికి తయారుచేసుకునే పదార్థం ఆధారంగా స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా సంస్థ శాస్త్రవేత్తలు 1960 ప్రాంతంలో డెస్‌ఫెరాక్సమైన్‌ను రూపొందించారు. మందు మంచిదే. కానీ మింగితే పనిచేయదు. పొట్ట దగ్గర చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటలపాటు ఎక్కించాలి. అదీ వారంలో అయిదారు రాత్రులు. రోజూ రాత్రి బిడ్డకు సూది గుచ్చాల్సింది తల్లే. పదిహేనేళ్లు వచ్చాక 'నావల్ల కాదు' అని ఆ పిల్లలు పంపును పక్కన పడేస్తే తప్పు పట్టగలమా?

అందుకే డెఫెరిప్రోన్ మాత్ర వరంలా కనిపించింది. లండన్‌లో 1980ల్లో రూపుదిద్దుకున్న ఈ మందుకు 1990ల్లోనే అనుమతి ఇచ్చి, ప్రపంచంలో అందరికంటే ముందు నిలిచింది మన దేశం. సిప్లా దాన్ని 'కెల్ఫర్' పేరుతో తెచ్చింది. తర్వాత రోజుకోసారి వేసుకుంటే చాలనే డెఫెరాసిరాక్స్‌కు 2005లో అమెరికా అనుమతి లభించింది. డెస్‌ఫెరాక్సమైన్, డెఫెరిప్రోన్ వాడేటప్పుడు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడక్కర్లేదు. అది ఇనుము బయటికి పోతోందనడానికి గుర్తు!

అలాగని ఇవి చాక్లెట్లు కావు. డెఫెరిప్రోన్‌తో కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మందు వాడుతున్నప్పుడు జ్వరం వస్తే మాత్ర ఆపి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. డెఫెరాసిరాక్స్‌తో మూత్రపిండాలు, కాలేయం మీద కన్నేసి ఉంచాలి. అసలు చిక్కు మరొకటుంది. ఈ రోజు మాత్ర మానేస్తే రేపు ఏమీ కాదు. నెల మానేసినా పైకి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అందరికీ కాదు!

విషలోహాలకూ చిలేటర్లే విరుగుడు. రెండో ప్రపంచయుద్ధ సమయంలో ఆర్సెనిక్‌తో చేసిన విషవాయువుకు విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం 'బాల్' మందును కనిపెట్టింది. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ వ్యాధికి పెనిసిలమైన్‌ను 1956లో పరిచయం చేసింది జాన్ వాల్ష్. సీసం విషమెక్కిన పిల్లలకు సక్సిమర్ ఇస్తారు.

ఈ పేరునే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. 'ఆపరేషన్ లేకుండా గుండె బ్లాకులు కరిగిస్తాం', 'ఒంట్లో విషాలన్నీ కడిగేస్తాం' అంటూ సెలైన్‌లో ఇ.డి.టి.ఎ. ఎక్కిస్తుంటారు. 2013లో వెలువడిన ఓ పెద్ద అమెరికా అధ్యయనం కొంత ఆశ చూపింది. దాన్ని సరిచూసుకోవడానికి గుండెపోటు వచ్చిన మధుమేహులపై చేసిన రెండో అధ్యయనం 2024లో వెలువడింది. అందులో ప్రయోజనం కనిపించలేదు. ఎండ్రకాయకు మంచీ చెడూ తెలియదు కదా! ఒంటికి కావాల్సిన కాల్షియాన్ని కూడా పట్టుకుపోతుంది. కాల్షియం కలిపిన ఇ.డి.టి.ఎ. బదులు సోడియం రకం ఎక్కించడం వల్ల అమెరికాలో 2003-05 మధ్య ఇద్దరు పిల్లలు సహా ముగ్గురు చనిపోయారు.

ముందే తెలుసుకుంటే...

మన దేశంలో ఏటా దాదాపు పదివేల మంది పిల్లలు తలసీమియాతో పుడుతున్నారని అంచనా. హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచీ ఇలాంటి పిల్లలకు అండగా నిలుస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ఈ జబ్బుకు చోటు దక్కింది.

తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. హెచ్‌బీఏ2 అనే రక్త పరీక్షతో ఆ సంగతి పెళ్లికి ముందే తెలుసుకోవచ్చు. జాతకాలు చూపించుకునేవాళ్లు ఆ చేత్తోనే ఈ పరీక్షా చేయించుకుంటే ఎన్నో ఇళ్లకు రాత్రిళ్లు సూది బాధ తప్పుతుంది. ఇప్పటికే జబ్బుతో ఉన్న పిల్లలకు మాత్రం ఆ మాత్ర ఏ రోజూ తప్పకూడదు. లోపల ఎండ్రకాయ తన పని తాను చేసుకుపోవాలంటే, దాన్ని రోజూ లోపలికి పంపాల్సింది మనమే.