పొగ చెప్పే జబ్బు

పిల్లలూ! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాల నుంచి ఎందరో మత్స్యకారులు విశాఖకూ, దూరాన గుజరాత్‌లోని వెరావల్ రేవుకూ వెళ్ళి మరపడవల మీద పనిచేస్తుంటారు. ఆ పడవల కడుపులో డీజిల్ ఇంజను ఉంటుంది. ఒడ్డు కనబడని చోట అది ఆగిపోతే పడవ గాలివాటున పోవలసిందే. కనుక పాత ఇంజను జబ్బును రేవులోనే కనిపెట్టాలి. ఎలాగంటారా?

వైద్యుడు నాడి చూసినట్టు మేస్త్రీ పొగ చూస్తాడు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఈ రకం ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే మండుతుంది. సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగు తాకి చూడండి, వెచ్చగా లేదూ?

పొగ నల్లగా వస్తే డీజిల్‌కు తగిన గాలి అందటం లేదన్నమాట. గాలి ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు. నీలంగా వస్తే ఇంజను ఆయిలు మండుతున్నది. పిస్టను రింగులు అరిగి ఉండవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, డీజిల్ సరిగా మండటం లేదు, లేదా లోపలికి నీరు చేరింది. పొగ లేదు, బలమూ లేదు అంటే, డీజిల్ ఫిల్టరు చూడాలి.

ఒక్కొక్కప్పుడు తప్పు ఇంజనుది కానే కాదు! పడవ అడుగున గుల్లలు పట్టినా, నీటిలో తిరిగే పంకాకు వలముక్క చుట్టుకున్నా, బరువు లాగలేక ఇంజను నల్లపొగ కక్కుతుంది. అందుకే మంచి మేస్త్రీ మొదట పానా పట్టడు. చూస్తాడు, వింటాడు, ఆ తరువాతే విప్పుతాడు.