లెక్కలకు పొరుగూరి గాదె

తెలివిగల రైతు విత్తనమంతయు ఒక్క గాదెలోనే పోయడు. సంఘపు లెక్కల విషయమున ఆ జాగ్రత్త కానరాదు. సర్వరు చెడెనా, తీర్చిన అప్పు తీర్చితిమని చూపుట యెట్లు?

ఒకే సర్వరులో సాఫ్ట్‌వేరు బలమున వేరువేరు కంప్యూటర్లవలె నడచువానిని వర్చువల్ మెషీన్లందురు. అట్టిదాని సర్వస్వమును కొన్ని ఫైళ్లలో ఇముడును. కావున నకలు తీసి ఇంటర్నెట్ ద్వారా దూరపు క్లౌడ్ నిల్వకు పంపవచ్చును. మొదట పూర్తి నకలు, పిమ్మట మారిన భాగములు మాత్రమే పోవును.

క్లౌడనగా మబ్బు కాదు. అదియు ఒక ఊరిలోని కట్టడమే. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సుదేశమున స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థవారి డేటా కేంద్రమొకటి దగ్ధమయ్యెను. నకలును సయితము అచ్చటనే యుంచిన కొందరికి రెండును పోయెను. నకలు వేరొక నగరమున నుండవలెను.

తిరిగి తెచ్చుకొనుటకు పట్టు కాలమును ఎవరును తలపరు. 500 గిగాబైట్ల నకలును సెకనుకు 100 మెగాబిట్ల లైనుపై దింపుటకు, లైను పూర్తిగా పనిచేసినను, 11 గంటలు పట్టును. ఎరువులు పంచు దినమున అంతసేపు వాకిట నిలువగలమా? ఆపదవేళ యంత్రమును క్లౌడునందే నడుపు ఏర్పాటు మేలని మా అభిప్రాయము. ఖర్చు కొంత హెచ్చు.

రాన్సమ్‌వేర్ దొంగలు నకళ్లను గూడ చెరపజూతురు. గడువు తీరువరకు ఎవరును చెరపజాలని తాళము వేయింపుడు. సంకేతలిపి తాళపుచెవిని ఆ సర్వరులోనే దాచుట వెఱ్ఱి.

ఏటికి రెండుమారులు నకలునుండి యంత్రమును లేపించి, మీ ఖాతాలోని బాకీ సరిగా కనబడుచున్నదో లేదో చూపుమని కార్యదర్శిగారి నడుగుడు.