సంఘం లీడరమ్మ మోసే బరువు

ఊళ్లో ఎవరింటికైనా వెళ్లి డ్వాక్రా లోను ఎంత వచ్చిందని అడగండి, చిటికెలో చెప్తారు. గేదె కొన్నామనో, పిల్లవాడి ఫీజు కట్టామనో, రేకులు తీసేసి స్లాబు వేయించామనో ఆ డబ్బు ఏమైందో కూడా చెప్తారు. ఆ లోను కోసం బ్యాంకు చుట్టూ తిరిగింది ఎవరు, వాయిదా తప్పిన నెలలో మేనేజరు ముందు నిలబడింది ఎవరు అంటే మాత్రం కాస్త ఆగి "మా లీడరు" అంటారు. ఆమెకు ఆ పనికి జీతం లేదు. పేరు సంఘం పుస్తకంలో తప్ప ఎక్కడా కనిపించదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ సంఘాలు లేని ఊరు దాదాపుగా లేదు. వాటి గురించి చెప్పుకునేటప్పుడు ఎన్ని కోట్ల రుణాలిచ్చారన్నదే లెక్క. నా దృష్టిలో ఈ వ్యవస్థకు అసలు పెట్టుబడి లీడర్లు ఖర్చుపెట్టే రోజులు. అవి ఎక్కడ ఎలా ఖర్చవుతున్నాయో తెలిస్తేనే ఎక్కడ కాపాడుకోవాలో తెలుస్తుంది.

ముందు సంఘం అమరిక. పది నుంచి పదిహేను మంది ఆడవాళ్లు కలిస్తే ఒక సమభావన సంఘం. వాళ్లలో ఇద్దరు లీడర్లు, మొదటి లీడరు, రెండో లీడరు. ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం అవుతాయి. ఆంధ్ర వైపు గ్రామ సమాఖ్య అన్నా, రెండు చోట్లా వీవో అన్నా అదే. ఆ వీవోలో ప్రతి సంఘం తరఫునా దాని లీడర్లే కూర్చుంటారు. వాళ్లలోంచే అధ్యక్షురాలిని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకుంటారు. ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. ఈ సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవి. సభ్యులే వీటికి యజమానులు. లెక్కలు రాసే వీవోఏకు గౌరవ వేతనం ఉంటుంది. సంఘాల పని చూసే సీసీ, ఏపీఎం ప్రభుత్వ ప్రాజెక్టు ఉద్యోగులు, వాళ్లకు జీతాలుంటాయి. లీడరుకు మహా అయితే మీటింగుకు వెళ్లిన రోజు దారిఖర్చులు వస్తాయి.

ఈ సంఘాల వ్యవస్థ ఒక్క పథకంతో పుట్టలేదు. డ్వాక్రా 1982లో వచ్చిన కేంద్ర పథకం. అది 1999లోనే వేరే పథకంలో కలిసిపోయినా పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని నాబార్డు 1992లో 500 సంఘాలతో దేశంలో మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పెరిగాయి. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల నడుమ కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెట్టిన ప్రాజెక్టు ఈ చిన్న సంఘాలను ఊరి సమాఖ్యగా, మండల సమాఖ్యగా కూర్చింది. ఓర్వకల్లు పేరు దేశానికి తెలిసింది అలాగే. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి వెలుగు పేరుతో దాన్నే రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది. ఇక్కడొక సంగతి మరిచిపోకూడదు. బ్యాంకు రావడానికి ముందే ఆడవాళ్లకు గుంపుగా కూర్చోవడం, మాట్లాడడం, ఎదురు నిలవడం వచ్చింది. అప్పు వచ్చాక సంఘం పుట్టి ఉంటే ఇన్నేళ్లు నిలిచేది కాదని నేను నమ్ముతాను.

ఇప్పుడు లీడరు నెల ఎలా గడుస్తుందో చూద్దాం. సంఘం మీటింగు పెట్టాలంటే ముందు అందరూ ఇంట్లో ఉండే వేళ చూడాలి. నాట్ల కాలంలోనైతే అది రాత్రి ఎనిమిది దాటాకే. రానివాళ్ల ఇంటికి కబురు పంపాలి, కబురుకూ రాకపోతే తానే వెళ్లాలి. పొదుపు వసూలు చేయాలి. ఎవరికి అప్పు కావాలో వినాలి. ఇద్దరు అడిగి, డబ్బు ఒకరికే సరిపోతే ఎవరి అవసరం ముందో అందరిచేత చెప్పించాలి. తీర్మానం రాయించి సంతకాలు పెట్టించాలి. క్రమం తప్పని మీటింగు, పొదుపు, లోపలి అప్పు, తిరిగి చెల్లింపు, లెక్కలు, ఈ ఐదింటినీ సంఘాల్లో పంచసూత్రాలంటారు. వినడానికి తేలిక. నెల నెలా ఏళ్ల తరబడి పది ఇళ్లచేత చేయించడంలోనే కష్టమంతా ఉంది.

పొదుపు ఎంతో పెద్దది కాదు. పది మంది నెలకు 100 రూపాయలు వేస్తే ఏడాదికి 12,000. దాన్నే రూపాయి వడ్డీకి, అంటే నూటికి నెలకో రూపాయికి, సభ్యులకు తిప్పుతారు. బయట మూడు రూపాయలకో ఐదు రూపాయలకో తెచ్చుకునే ఇంటికి అది పెద్ద ఊరట. పైగా కట్టిన వడ్డీ మళ్లీ సంఘానికే వస్తుంది.

ఆపైన బ్యాంకు లింకేజి. సంఘానికిచ్చే రుణంలో 20 లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పొలం కాగితాలు లేని, బంగారం లేని ఇంటికి ఇంత కంటే మంచి నిబంధన లేదు. అయితే తాకట్టు లేని చోట బ్యాంకు దేన్ని నమ్ముతుంది? పుస్తకాలను, గడిచిన వాయిదాలను, సంఘం మాటను. ఆ మాటకు ముఖం లీడరుది. ఏ ఇంటికి ఎంత, ఎందుకు కావాలో రాసిన ప్రణాళిక, తీర్మానం, ఆధార్ నకళ్లు, ఫొటోలు తీసుకుని ఆమె బ్యాంకుకు వెళ్తుంది. ఒక కాగితం తక్కువైతే మళ్లీ రమ్మంటారు. సర్వర్ పనిచేయకపోతే మళ్లీ రమ్మంటారు. కూలికి పోయే మనిషికి అలా తిరిగిన ప్రతి రోజూ ఒక కూలి పోయినట్టే. ఆ పోయిన కూలి ఏ లెక్కలోనూ ఉండదు.

అన్నిటికంటే బరువైన పని వాయిదా రోజు. సంఘం నెలకు 40,000 కట్టాలనుకుందాం. తొమ్మిది మంది నాలుగేసి వేలు తెచ్చారు. పదో ఆమె రాలేదు. చేతిలో 36,000 ఉన్నాయి. లీడరు ఇప్పుడేం చేయాలి? సంఘం పొదుపులోంచి ఆమె పేరున అప్పు రాసి కట్టొచ్చు. తన చేతి డబ్బు వేయొచ్చు. తక్కువగానే కట్టేయొచ్చు. తక్కువ కడితే ఖాతా గడువు మీరుతుంది. సకాలంలో కట్టినవాళ్లకే ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇస్తుంది కాబట్టి ఒకరి ఆలస్యం పది ఇళ్ల రాయితీకి గండి కొడుతుంది. రేపు పెద్ద లోను అడిగేటప్పుడు కూడా ఆ మచ్చ కనిపిస్తుంది. అందుకే చాలామంది లీడర్లు ముందు తమ డబ్బు వేసి, తర్వాత వసూలు చేసుకుంటారు. వసూలవుతుందన్న హామీ ఏమీ లేకుండానే.

రాని ఆమె ఎందుకు రాలేదో కనుక్కోవడం ఇంకో పని. భర్త ఆస్పత్రిలో ఉన్నాడా, మేస్త్రి కూలి డబ్బులు ఆపాడా, డబ్బుండి ఎగ్గొడుతోందా? ఆ తేడా పక్కింటి మనిషికి తెలిసినట్టు పట్నం నుంచి వచ్చే వసూలుదారుకు తెలియదు. సూక్ష్మ రుణ సంస్థల ఏజెంట్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఆ అప్పులు కూడా గుంపులకిచ్చినవే. అందుకే గుంపు ఉంటే చాలు, మేలు జరిగిపోతుందనుకోవడం పొరపాటు. సంఘంలో కూడా కట్టలేని ఆమె ఇంటి ముందు పది మంది బైఠాయించిన సందర్భాలున్నాయి. లీడరు మంచి చెడ్డలు తెలిసే చోటు అదే. గడువిచ్చి, వాయిదా చిన్నది చేసి, పరువు పోకుండా కట్టించగల లీడరు పది ఇళ్లనూ కాపాడుతుంది. నలుగురి ముందూ కేకలేసే లీడరు ఆ ఇంటిని మళ్లీ ఐదు రూపాయల వడ్డీకి తోసేస్తుంది.

డబ్బు పని ఇలా ఉంటే, వీవో స్థాయిలో బాధ్యతలు ఇంకా విస్తరించాయి. వెలుగు తొలినాళ్లలో వీవోలు బియ్యం టోకున కొని, సభ్యులకు అప్పు మీద ఇచ్చి వాయిదాల్లో వసూలు చేసేవి. పనుల్లేని నెలల్లో కొట్టువాడి దగ్గర నోరు తెరిచి అడిగే అవసరం దాంతో తగ్గింది. సభ్యురాలి ఇంట్లో చావు జరిగితే బీమా కాగితాలు కదిలించడానికి సమాఖ్యల తరఫున బీమా మిత్రలు వెళ్లేవారు. బాల్య వివాహాలు ఆపించడం, భార్యాభర్తల తగాదాలకు సలహా కేంద్రం నడపడం సమాఖ్యల్లోని సోషల్ యాక్షన్ కమిటీల పని. తెలంగాణలో సంఘాలు నడిపే ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రాలు చూసినవాళ్లకు తెలుసు, గోనె సంచుల లెక్క, 17 శాతం తేమ దగ్గర రైతుతో వాదన, లారీ కోసం ఎదురుచూపు, వానొస్తే టార్పాలిన్ల కోసం పరుగు, ఇవన్నీ నడిపిస్తున్నది సంఘాల ఆడవాళ్లే. ఒకప్పుడు ధాన్యం తూకం దగ్గర ఆడమనిషి మాట సాగేది కాదు.

వీళ్ల అనుభవం విలువ ఎంతో మరో రాష్ట్రం చెప్పింది. బిహార్‌లో జీవిక ప్రాజెక్టు మొదలయ్యాక మన పల్లెల సంఘాల ఆడవాళ్లే అక్కడికి వెళ్లి, ఊళ్లలోనే బస చేసి, రాని హిందీతోనే సంఘాలు పెట్టించి వచ్చారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఆ పద్ధతినే ఇతర రాష్ట్రాలకూ తీసుకెళ్లింది. అలా వెళ్లినవాళ్లను సీఆర్‌పీలు (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు) అంటారు. పని చేసిన రోజులకు వాళ్లకు డబ్బు ఇచ్చారు, ఇవ్వడమే న్యాయం. వేరే రాష్ట్రంలో రోజుకు వెల కట్టిన అదే పని సొంత ఊళ్లో సేవ అనిపించుకుంటోంది.

ఇంత చెప్పాక లీడర్లంతా దేవతలంటే అబద్ధమవుతుంది. ఏళ్లకేళ్లు ఒకరే లీడరుగా ఉండిపోయిన సంఘాలు చాలా ఉన్నాయి. నిబంధన ప్రకారం లీడర్లను మార్చాలి. మార్చబోతే "నాకు బ్యాంకు పని తెలియదమ్మా, నువ్వే ఉండు" అంటారు మిగతావాళ్లు. అది నమ్మకం లాగే ఉంటుంది కానీ, సంఘానికి తెగులు పట్టేది అక్కడే. ఖాళీ విత్‌డ్రా ఫారాల మీద ముందే సంతకాలు చేసి ఇవ్వడం, పుస్తకం వీవోఏ ఇంట్లోనే ఉండిపోవడం, ఒకరి పేరున తీసిన అప్పు ఇంకొకరు వాడుకోవడం, ఇవన్నీ ఒకరి మీదే అంతా వదిలేసిన చోట మొదలవుతాయి. డబ్బు గల్లంతైన సంఘాల్లో సభ్యులు ఆ సంగతి తెలుసుకునేది బ్యాంకు నోటీసు వచ్చాకే. నిజాయితీ గల లీడరు కూడా అక్కడ బతకలేదు. లెక్క అందరికీ తెలియనప్పుడు ఏ పుకారు వచ్చినా ఆమె మీదే పడుతుంది.

బయటి నుంచి వచ్చే దెబ్బలు వేరు. 2014 ఎన్నికలకు ముందు రుణమాఫీ మాట వినపడగానే ఆంధ్రప్రదేశ్‌లో చాలా సంఘాలు వాయిదాలు ఆపేశాయి. కట్టమన్న లీడరు చెడ్డదైంది. కట్టకుండా ఆగిన వాళ్లకు వడ్డీ పెరిగింది. ఇక ఏ పార్టీ సర్కారులోనైనా బహిరంగ సభ వస్తే, సంఘానికి ఇంతమందిని తీసుకురమ్మని కబురు లీడరుకే అందుతుంది. రాకపోతే పథకం ఆగుతుందేమో అన్న భయం ఆమెది. సభ్యుల పొదుపుతో నిలబడ్డ సంస్థను ఇలా వాడుకోవడం తప్పు. ఆ తప్పు ఎవరు చేసినా తప్పే.

చేయాల్సినవాటికి పెద్ద చట్టాలతో పని లేదు. బ్యాంకుకూ మండలానికీ వెళ్లిన రోజున లీడరుకు కూలి కట్టివ్వాలని సంఘమే తీర్మానం చేసుకోవచ్చు. సంఘం సంపాదించిన వడ్డీలోంచే ఇవ్వొచ్చు. పది మందికి పంచితే ఒక్కొక్కరికి పడేది చాలా కొద్ది. కొత్త లీడరును ఎన్నుకున్నాక మొదటి మూడు నెలలు పాత లీడరు ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్లాలి. అలా చేస్తే "నాకు తెలియదు" అన్న మాటకు చోటుండదు. మీటింగు మొదట్లో గత నెల లెక్క పైకి చదవాలి, చదువు రానివాళ్లకు అర్థమయ్యేలా. ఖాళీ ఫారం మీద సంతకం చేయమని ఎవరడిగినా, వీవోఏ అయినా సీసీ అయినా, చేయకూడదు. బ్యాంకులు కూడా వారంలో ఒక పూట సంఘాలకే కేటాయిస్తే ఎందరి కూలి రోజులో మిగులుతాయి.

ఇది చదువుతున్న మీ ఇంట్లో అమ్మో, అక్కో, భార్యో సంఘంలో ఉండే ఉంటారు. ఈ నెల మీటింగుకు ముందు ఆమె పాసుపుస్తకం తీసి, పొదుపు ఎంత, అప్పు ఎంత మిగిలిందో ఇద్దరూ కలిసి చూడండి. లెక్క అర్థం కాకపోతే మీటింగులో అడగమని చెప్పండి. ఆమే లీడరైతే, బ్యాంకుకు వెళ్లే రోజు ఇంటిపని మీరు చేయండి.